పులినీ తోడేలునీ తలుపు దాకా నడిపిన ఉడత

రేడియో స్టూడియోలో ఆవిడ కోసం ఒక చెక్కపీట ప్రత్యేకంగా ఉండేది. అది ఎక్కితే గానీ మైకు అందదు. పిల్లల నాటకాల్లో చిన్నవాటన్నిటికీ ఆవిడదే గొంతు. ఎలుకా ఆవిడే, పిచ్చుకా ఆవిడే, ఉయ్యాల్లో ఏడ్చే పసిబిడ్డా ఆవిడే. ఎప్పుడో ఒకసారి ఉడత వేషం వేసింది, ఇక ఆ పేరే ఖాయమైపోయింది. గేటు దగ్గర కాపలావాడి నుంచి పై ఆఫీసరు వరకూ అందరికీ ఆవిడ ఉడతమ్మే.

అలాంటి మనిషికి ఆ ఏడు జ్వరమొచ్చి గొంతు పోయింది. జ్వరం తగ్గింది గానీ గొంతు మాత్రం తిరిగి రాలేదు. వచ్చిందల్లా ఎండుటాకు మీద గాలి నడిచినట్టు ఒక గుసగుస. "గుసగుసలాడుకోండి, ఫరవాలేదు. అరిచారో, ఇది కూడా పోతుంది" అన్నాడు డాక్టరు.

ముందుగదిలో మిషను కుట్టుకునే భర్త మాత్రం, "పెళ్ళయ్యాక ఈ ఇంట్లో సూది కిందపడ్డ చప్పుడు ఇప్పుడే వింటున్నా" అన్నాడు. ఆవిడ దగ్గరికెళ్ళి చెవిలో ఏదో అంది. "అమ్మో, అది మాత్రం స్పష్టంగా వినపడింది" అని చెవి తడుముకున్నాడు పాపం.

నవ్వుకోవడం వరకూ బాగానే ఉంది. స్టూడియోకి తిరిగి వెళ్ళిన రోజున నాటకాల బాధ్యత చూసే అమ్మాయి ఆవిణ్ణి పక్కకి పిలిచింది. ఆ అమ్మాయిది మెత్తటి మనసు, చెడ్డమాట చెప్పాల్సొస్తే ముందు తనే ఏడుపు మొహం పెడుతుంది.

"అక్కా, ఇవాళ్టి కథలో ఉడత మీదే. కానీ ఇది నేరుగా ప్రసారమైపోతుంది, మళ్ళీ చేద్దామంటే కుదరదు. ఇందులో మీ మాట వినపడకపోతే ఇక నా చేతుల్లో ఉండదు. కొత్త గొంతును వెతకమని పైనుంచి ఇప్పటికే చెప్పారు."

ఉడతమ్మ తలూపింది. అంతకుమించి ఏం చేస్తుంది? ఆ గదీ, ఆ పీటా తప్ప ఆవిడకి వేరే పని తెలీదు, తెలుసుకోవాలని అనిపించనూ లేదు.

కథ చిన్నదే. కొమ్మ మీంచి జారిన ఉడత ఒక మొద్దు తొర్రలో పడుతుంది. ఇటు పులి, అటు తోడేలు. నాదంటే నాదని రెండూ కొట్టుకుంటాయి. "మీలో ఎవరి అరుపు గొప్పదో తేల్చుకోండి, నేనే నడిచొచ్చి వాళ్ళ నోట్లో పడతాను" అంటుంది ఉడత. "దగ్గర్నుంచి ఎవరు అరిచినా గట్టిగానే ఉంటుంది. దూరం నుంచి అరవండి, అప్పుడు తెలుస్తుంది" అంటుంది. అవి పోటీపడి వెనక్కి వెళ్తూ ఉంటే ఇది చల్లగా చెట్టెక్కేస్తుంది.

పులి వేషం ఒక భారీ మనిషిది. ఆయన తుమ్మితే పక్క గదిలో వార్తలు చదివే ఆయన ఆగిపోతాడు. తోడేలు ఆయన కన్నా చిన్నవాడే గానీ ఊళ వేయడంలో ఎవరికీ తీసిపోడు. ఇద్దరిదీ ఒకటే జబ్బు, మైకు కనపడితే మీద పడిపోతారు. ఆ రోజు రెండో మైకు పాడైంది. ఉన్న ఒక్కదాని ముందు ఇద్దరూ గోడకట్టినట్టు నిలబడ్డారు. వాళ్ళ మోచేతుల మధ్య ఉడతమ్మ జడ ఒక్కటే కనిపిస్తోంది.

రిహార్సల్ మొదలైంది. పులి గాండ్రించగానే అద్దం అవతల శబ్దం కొలిచే సూది ఎర్రగీత దాటింది. అక్కడ కూర్చుని శబ్దం సరిచేసే ఆయన గబుక్కున తగ్గించాడు. దాంతో ఉడత మాట అసలే లేకుండా పోయింది.

"ఒక్కడుగు వెనక్కి, బాబూ!" అని అరిచాడాయన.

వాళ్ళు తగ్గారు. రెండు మాటలు అయ్యాయో లేదో మళ్ళీ వచ్చి మైకుని కౌగిలించుకున్నారు. అమ్మాయి మొహం వాడిపోయింది.

టీ తాగే వేళ ఉడతమ్మ తన కాగితాలు మళ్ళీ మొదటినుంచి చదువుకుంది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది. కప్పు కిందపెట్టి ఆ ఇద్దరి దగ్గరికీ నడిచింది.

"అన్నయ్యా, ఒక సందేహం. కోప్పడకూడదు మరి."

"నీమీద కోపమేంటమ్మా, చెప్పు" అన్నాడు పులి, వినపడక కిందికి వంగుతూ. తోడేలూ వంగాడు.

"మీ ఇద్దర్లో ఎవరిది పెద్దగొంతో ఇన్నేళ్ళుగా నాకు తేలనే లేదు. మైకు పక్కన నిలబడితే ఎవరైనా పులే. ఆ తలుపు దగ్గర్నుంచి అరిచినా ఇంతే నిండుగా వినపడాలంటే మాత్రం... తమ్ముడికి సాధ్యమేమో అనిపిస్తుంది."

"వాడికా?" అన్నాడు పులి.

"ఏం, నాకేం తక్కువ?" అన్నాడు తోడేలు.

"అబ్బే, వదిలేయండి. ఊరికే అన్నాను" అని ఉడతమ్మ వచ్చి పీట ఎక్కింది.

చేతిలో కథ పట్టుకుని, పొద్దుట్నుంచీ అదే చదువుతూ, ఇది కథలో ఉడత వేసిన ఎత్తేనని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. తట్టినదల్లా ఆ అమ్మాయికి. నవ్వు కనపడకుండా గబగబా కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ప్రసారం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. మొదటి గాండ్రింపు పులి ఒకడుగు వెనక నుంచి వేశాడు. తోడేలు రెండడుగులు వెనక్కెళ్ళి ఊళ వేశాడు. పులి కళ్ళు చిట్లించి ఇంకో మూడు తగ్గాడు. అద్దం అవతల ఆయన మెల్లగా, మెల్లగా శబ్దం పెంచుతూ వచ్చాడు. మైకు మొత్తం ఉడతమ్మకి మిగిలింది. పెదాలు దానికి ఆనేంత దగ్గరగా వెళ్ళి ఆ మిగిలిన గుసగుసతోనే అంది:

"మామలూ, నా చెవులు చిన్నవి. ఇంకాస్త వెనక్కి..."

వింటున్న ప్రతి ఇంట్లోనూ ఎవరో చెవిలో చెప్పినట్టు వినపడింది.

పులి వీపు తలుపుకి తగిలింది. పేజీ తిప్పాడు. "పోటీలో పడి పులి ఎంత దూరం వచ్చిందో చూసుకోలేదు" అని రాసి ఉంది. తలెత్తి మైకు వైపు చూశాడు. తోడేలు వైపు చూశాడు. అర్థమైంది! కానీ ఏం లాభం? కింద చెక్కనేల, పైన ఎర్రదీపం. అడుగేస్తే ఊరంతటికీ వినపడుతుంది. ఆ ఉక్రోషంలో ఒక్క గాండ్రింపు గాండ్రించాడు చూడండి, కొండ అవతలి నుంచి అడవంతా దాటి వచ్చినట్టుంది. ఆయన జన్మలో అంత బాగా అరవలేదు.

ఆ అరుపు మీదుగా ఉడత నవ్వింది. గొంతు లేని నవ్వు, వట్టి ఊపిరి. అమ్మాయి చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

దీపం ఆరింది. అద్దం అవతల ఆయన లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు, చప్పుడు మాత్రం ఇటు రావడం లేదు. అమ్మాయి పరుగున వచ్చి ఉడతమ్మని పీట మీదే వాటేసుకుంది.

"పైవాళ్ళకి ఇప్పుడే చెప్పేస్తానక్కా, కొత్త గొంతు దొరికిందని!"

పులి తలుపు దగ్గర్నుంచి నడిచొచ్చాడు, చెమట తుడుచుకుంటూ. "నన్ను అంతదూరం నడిపించావు కదమ్మా!"

"మీ గొంతుకి ఈ గది చాలదని ఇవాళే తెలిసింది అన్నయ్యా" అందావిడ. ఆయనకి కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

"వచ్చే కథలో ఏముందమ్మా?" అని అమ్మాయినడిగింది ఉడతమ్మ.

"కుందేలూ, పులీ. కుందేలు మీదే."

"కుందేలు అన్నయ్యకివ్వు. నాకు పులి కావాలి."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మైకు దగ్గరికి జరిగి, ఆ గుసగుసతోనే, తొందరేమీ లేనట్టు అంది: "కుందేలూ... ఎక్కడున్నావమ్మా?"

నవ్వులు ఆగిపోయాయి. పులి వేషమాయన తెలీకుండానే ఒకడుగు వెనక్కేశాడు.