బంచరాయిలో నాలుగో రాయి

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు చిరాకు. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నేను చుక్క ముట్టనని మీకు తెలుసు. మా పిల్లల మీద ఒట్టేసి చెప్పమన్నా చెప్తాను... జరిగింది జరిగినట్టే చెప్తున్నాను.

నేను ఉండేది తార్నాకలో. పక్కనే క్యాంపస్‌లో, ఎస్టేట్ సెక్షన్‌లో గుమాస్తాని. మాది గుడివాడ వైపు. నాన్న ఉద్యోగానికి ఇక్కడికొస్తే నేను ఇక్కడే పెరిగాను. క్యాంపస్ వెనక, తార్నాక వైపు చివర ఒక మైదానం ఉంది. రికార్డుల్లో దాన్ని బంచరాయి అని రాశారు. అంటే పశువులు మేసే ఊరుమ్మడి భూమి. ఊరు పోయింది, పశువులు పోయాయి, నేల మాత్రం అందరిదిగా మిగిలింది. పొద్దున నడిచేవాళ్ళు, సాయంత్రం క్రికెట్ పిల్లలు, పండక్కి బతుకమ్మ ఆడే ఆడవాళ్ళు. మా పెద్దమ్మాయి సైకిల్ నేర్చుకుంది కూడా అక్కడే.

ఆ పక్కన ఎవరో వెంచర్ వేసి అపార్టుమెంటు లేపి, చుట్టూ రేకుల కంచె కట్టారు. కంచె మెల్లమెల్లగా మా వైపు జరుగుతోందని అందరికీ అనుమానం. అర్జీలు పెట్టగా పెట్టగా చివరికి సర్వేకి ఒప్పుకున్నారు. మర్నాడు పొద్దున ఏడింటికి.

నా పని ఒక్కటే. హద్దు రాళ్ళు వెతికి, సర్వేయరుకి కనబడేలా సున్నం కొట్టి, ఫోటోలు పంపాలి. నాలుగు రాళ్ళు. చీకటి పడుతోంది... ముళ్ళపొదలు... చేతులు గీరుకుపోయాయి. మూడు దొరికాయి. నాలుగోది ఎంతకీ కనబడదు. చివరికి రేకులకి ఆనుకుని ఒక రాయి కనిపించింది. హమ్మయ్య అనుకుని దానికీ సున్నం కొట్టేశాను. ఫోటోలు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టి, "హద్దు రాళ్ళు గుర్తించబడినవి" అని కింద నా పేరు రాశాను. పెద్దసారు వెంటనే బొటనవేలు బొమ్మ పెట్టారు. నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

రాత్రి లారీలొచ్చి మట్టి పోసి రాళ్ళు కప్పేస్తాయేమోనని నన్నే కాపలా పెట్టారు. తోడు యాదమ్మ. క్యాంపస్‌లో తోటపని చేస్తుంది. అరవై దాటాయి. ఇల్లు గోడ అవతలే. ఆమె మామ ఉన్న రోజుల్లో వాళ్ళ బర్రెలు ఇక్కడే మేసేవట. ఫ్లాస్కులో చాయ్ తెచ్చి, గోనెపట్టా పరుచుకుని నా పక్కన కూర్చుంది.

పదకొండింటికనుకుంటాను. ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"సారు, గా రేకుల కాడి రాయికి సున్నం ఎవలు కొట్టిన్రు?"

"నేనే. ఏం?"

"గది మనది గాదు సారు. మొన్న బోనాలప్పుడు గాడ రాయే లేకుండె. గా రేకులోల్లే పాతిండ్రు."

రేకుల వైపు చూశాను.

"మరి మనది ఎక్కడుంది యాదమ్మా?"

"రేకుల అవుతల. మట్టిల పూడిపోయింది. కొత్తగ కాపురానికొచ్చినప్పుడు సూశ్న. జాగ యాదికి లేదు."

రేకుల అవతలి ఆ నేలమీదే ఒకప్పుడు పిల్లల క్రికెట్ పిచ్ ఉండేది. దాన్ని నా చేత్తో నేనే, సున్నం కొట్టి మరీ, పేరు రాసి మరీ, వాళ్ళకి అప్పజెప్పాను. పెద్దసారుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. స్విచాఫ్. సీసాలో నీళ్ళు తీసుకెళ్ళి రాయి కడిగాను. రుమాలుతో రుద్దాను. సున్నం పోలేదు. ఇంకా పులుముకుంది. కూర్చోలేను, నిలబడలేను. అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. ఒక దశలో... నోరు మూసుకుని ఊరుకుందామా అనుకున్నాను. ఎవరికి తెలుస్తుంది? చెప్పడానికి సిగ్గేస్తోంది. కానీ అనుకున్నాను.

రెండు దాటింది. లాలాగూడ వైపు నుంచి రైలు కూత వినబడింది. ఆ తర్వాత కుక్కలు ఆగిపోయాయి. అప్పటిదాకా ఒకటే అరుపులు... ఒక్కసారిగా ఆగిపోయాయి. నేను వచ్చి గోనెపట్టా మీద కాళ్ళు చాపుకుని కూలబడ్డాను.

లొటక్...

ఏదో చెక్క చప్పుడు. కొమ్మ విరిగిందేమో అనుకున్నాను.

లొటక్... లొటక్...

కొమ్మ కాదు. పశువు మెడలో కట్టే చెక్క గంట. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో రోజూ విన్నదే. నేను పొరబడను. దాని వెనక గిట్టలు. ఒకటి కాదు, రెండు కాదు... మంద. నింపాదిగా, తొందర లేకుండా వస్తున్నాయి. వీధి దీపం వెలుగు సగం మైదానం దాకా పడుతుంది. చప్పుడు ఆ వెలుగులోకి వచ్చింది.

వెలుగులో ఏమీ లేదు.

నేల ఉంది. గడ్డి ఉంది. ఇంకేమీ లేదు... కానీ దుమ్ము వాసన వచ్చింది. దాని వెనకే గేదె వాసన. యాదమ్మ వైపు తిరిగాను. ఆమె కాళ్ళు దగ్గరికి లాక్కుంటోంది. మెల్లగా, రోజూ చేసే పనిలా.

"కాళ్ళు ముడుసుకో సారు," అంది. "తొక్కుతయ్."

ముడుచుకున్నాను. ఒట్టు... మారు మాట్లాడకుండా ముడుచుకున్నాను. నా మోకాళ్ళ ముందు నుంచి వెచ్చగా ఏదో వెళ్తోంది. ఒకటి తర్వాత ఒకటి. ఎంతసేపో చెప్పలేను. అవి రేకుల వైపు పోతున్నాయి. ఇప్పుడు రేకులకి తగులుతాయి, ఢాం అంటుంది అని చెవులు మూసుకున్నాను. ఢాం అనలేదు. రేకు కదలనైనా కదల్లేదు. అదే నడక, అదే గంట... అవతల వైపు.

అక్కడ ఆగాయి. తర్వాత ఇంకో చప్పుడు. గర్... గర్... గర్... గేదె రాయికి ఒళ్ళు రుద్దుకుంటే అలాగే ఉంటుంది. అవతలి అపార్టుమెంటులో ఒకే ఒక్క కిటికీలో దీపం వెలుగుతోంది. చప్పుడు సరిగ్గా ఆ కిటికీ కింద నుంచి. ఎంతోసేపు. ఆ తర్వాత కుక్కలు మొదలుపెట్టాయి. ఇంకేమీ వినబడలేదు.

తెల్లారేదాకా నేను ఆ చోటు నుంచి లేవలేదు.

యాదమ్మ లేచి ఆవలించింది. "రాత్రి బర్రెలు వెళ్ళాయి కదా," అన్నాను.

"బర్రెలేంది సారు? పన్నెండు గాకముందే పండుకున్న నేను. మీరు లేప్తరేమో అనుకున్న, లేపలే." నా మొహం చూసి, "జరమొచ్చిందా ఏంది?" అంది.

ఏడింటికి సర్వేయరు వచ్చాడు. నెమ్మది మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాడు. పెద్దసారు, వెంచర్ తాలూకు మేనేజరు, ఇంకో పదిమంది. సర్వేయరు కొలత గొలుసు తీస్తుంటే నేను ముందుకెళ్ళాను.

"ఆ నాలుగో రాయి హద్దు కాదండీ. నేనే తప్పు రాయికి సున్నం కొట్టాను."

పెద్దసారు నన్ను నమిలి మింగేసేలా చూశారు. మేనేజరు నవ్వాడు. "మరి అసల్ది ఏది, అన్నా? చూపెట్టు."

రేకులు దాటి వెళ్ళాను. రాత్రి దీపం వెలిగిన కిటికీ ఇప్పుడు మూసి ఉంది. అంతస్తులు లెక్క చూసుకుని దాని కింద నిలబడ్డాను. దొరక్కపోతే ఉద్యోగం సంగతి అటుంచండి, ఆ నేల సంగతి అంతే.

"ఇక్కడ తవ్వించండి."

గడ్డపార దిగింది. మట్టి. మళ్ళీ దిగింది. మట్టి. మేనేజరు వాచీ చూసుకున్నాడు. మోకాలి లోతు దాటాక ఠంగుమంది.

పాత రాయి. సర్కారు గుర్తు చెక్కి ఉంది. మూడు పక్కలా గరుకు. నాలుగో పక్క అరిగి అరిగి, చేయి జారేంత నున్నగా ఉంది. దాన్ని ముట్టుకుని నేను చేయి వెనక్కి లాక్కున్నాను. సర్వేయరు కొలిచి, తన కాగితంతో సరిచూసి, రేకులు వెనక్కి జరపమన్నాడు. మేనేజరు అక్కడే ఎవరికో ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

యాదమ్మ నిద్రలో మాట్లాడిందా? నేనే కునుకు తీశానా? ఎప్పుడో ఆమె చెప్పిన గుర్తు నా బుర్రలో ఉండి అలా బయటికొచ్చిందా? ఎన్ని రకాలుగా ఆలోచించినా ఎక్కడో ఒకచోట పొసగదు. ఆ రోజు పంచనామాలో ఒక గడి ఉంది. "రాయి ఉన్న చోటు ఏ విధంగా తెలిసినది?" పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి "స్థానికులను విచారించగా" అని రాసి సంతకం పెట్టాను.

ఎవరిని విచారించావని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని నాకు ఇప్పటికీ భయమే.