రైలు కిటికీలోంచి విసిరిన టెంక

దుర్గాప్రసాద్ గారికి బుర్రలో ఒక ప్రశ్న పుట్టిందంటే, జవాబు దొరికేదాకా అన్నం సయించదు. గుడివాడ నుంచి బందరుకు రోజూ పాసింజర్లో వచ్చిపోయే సీనియర్ అసిస్టెంటు ఆయన. ఆఫీసులో ఏటా వనమహోత్సవం జరిగేది. కిందటేడు తవ్విన గోతిలోనే మళ్ళీ ఓ మొక్క నాటి, అందరూ చుట్టూ నిలబడి ఫొటో దిగేవారు. వారం తిరక్కుండా మేకలొచ్చి తమ వంతు ఉత్సవం కానిచ్చేవి. "ఇంత హడావుడి చేస్తున్నాం కదండీ, మరి ఒక్కటీ బతకదేం?" అని ఆయన అడిగితే ఆఫీసరు నవ్వి ఊరుకున్నాడు.

అప్పుడే ఆయనకు ఓ ఆలోచన తట్టింది. సీజన్ టిక్కెట్ల వాళ్ళందరూ ఒకే పెట్టెలో కూర్చునేవారు. తిన్న పండు గింజ పారేయకుండా దాచుకోవాలి, కవుతరం స్టేషను దాటాక పట్టాల పక్కన కాలవ గట్టు కనిపించగానే కిటికీలోంచి విసరాలి. అదీ ఏర్పాటు. టైపిస్టు గీతాంజలి మామిడి టెంకలు పొట్లం కట్టి తెచ్చేది. అకౌంటెంటు బాబూరావయితే, "మొక్కల పేరు చెప్పి రోజూ రెండు రసాలు లాగిస్తున్నా. పుణ్యం, పురుషార్థం!" అనేవాడు.

ఏళ్ళు గడిచాయి. ప్రసాద్ గారిది ఒకటే యావ: ఒక్కటైనా మొలిచిందా? రైలు అక్కడ ఆగదు. కిటికీలోంచి చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది. అందులో తాము వేసిందేదో, దానంతటది మొలిచిందేదో ఎలా తెలుస్తుంది? ఇంతలో రిటైర్మెంటు దగ్గరపడింది. ఆ తర్వాత ఈ రైలెక్కే పనే లేదు. ఇన్నేళ్ళూ చెట్లు వేశామా, చెత్త వేశామా అన్నది తేలకుండానే ఇంట్లో కూర్చోవాలంటే ఆయనకు నిజంగా దిగులేసింది.

"నాకు శాలువా వద్దండీ," అన్నాడు చివరికి. "ఒక్క ఆదివారం నాతో కవుతరంలో దిగండి. నడిచి చూసొద్దాం."

దిగారు. గట్టు పొడుగునా తుమ్మ కంప, జిల్లేడు తప్ప ఏమీ కనిపించలేదు. ఎండ ముదిరింది. వెనక్కి పోదామని బాబూరావు గొణుగుతుండగా, కాలవ మలుపులో ఒక మామిడి చెట్టు! మనిషికి మించిన ఎత్తు, చుట్టూ ముళ్ళకంచె.

"నాదే! ఆ ఆకు చూస్తే తెలియట్లా, నూజివీడు రసం!" అన్నాడు బాబూరావు.

"చాల్లెండి, అది బంగినపల్లి. నేను విసిరిందే," అంది గీతాంజలి.

చెట్టు వెనక గడ్డి కోస్తున్న ఆడమనిషి కొడవలితో లేచింది. పేరు అంకమ్మ.

"ఈ చెట్టు ఎవరు వేశారమ్మా?" అన్నారు ప్రసాద్ గారు.

"నేనే. రైల్లో పోయేవాడెవడో తిని ఇసిరిన టెంక. గేదెను మేపుకుంటంటే తిన్నగా వచ్చి నా నెత్తిన పడింది. ఇంత బొప్పి కట్టింది. తిడదామంటే రైలెళ్ళిపోయె. మనిషి దొరకలా, టెంక దొరికింది. పాతిపెట్టా." అంటూనే అందరి మొహాలూ తేరిపార చూసింది. "మీరేనేంటి ఆ రైలు బాబులు? ఎవరి చెయ్యది?"

నూజివీడు రసం నోరు మూసుకుంది. బంగినపల్లి తల దించుకుంది. ప్రసాద్ గారు షుగరు మనిషి, మామిడిపండు ముట్టరు. ఆయన విసిరినవన్నీ వేప, కానుగ గింజలే. అయినా ఆయనే ముందుకొచ్చాడు.

"నేనేనమ్మా."

"నీ చెయ్యి పడిపోను! కళ్ళు కనపడవా? నా కన్ను పోయుంటే ఎవడిచ్చేవాడయ్యా? సదూకున్నోడివి, సిగ్గుండక్కర్లా?" అని మొదలుపెట్టి, అంకమ్మ ఇన్నేళ్ళూ దాచుకున్న తిట్లన్నీ తిట్టింది. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగగానే ఆత్రంగా అడిగాడు.

"కాసిందా అమ్మా?"

"నిరుడు కాసింది. పండినా ఒకటే పులుపు. పచ్చడికి తప్ప పనికి రావు."

"అయితే నేనూ తినొచ్చు! షుగరమ్మా, మామిడిపండు నోట పెట్టి ఎన్నేళ్ళయిందో."

అంకమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అయితే ఆ టెంక నీది కాదన్నమాట. మరి ఇంతసేపూ తిట్లెందుకు తిన్నావయ్యా?"

"నువ్వు కోపంతో వెళ్ళిపోతే, కాసిందో లేదో నాకెవరు చెప్తారమ్మా?" అన్నారు ప్రసాద్ గారు.