ఉప్పు చేతికిచ్చిన రోజు

మా బావ సైన్యంలో ఉండేవాడు. సెలవుకు వచ్చిన ప్రతిసారీ ట్రంకుపెట్టె తెరవగానే, పిల్లలకు తెచ్చిన మిఠాయి కంటే ముందు ఒక ఫొటోల ఆల్బమ్ బయటికి తీసేవాడు. అందులో లడాఖ్ ఉండేది. తెల్లటి ఉప్పునేల, దాని వెనక ఎరుపు, ఊదా, పసుపు రంగుల కొండలు, వాటన్నిటి ముందు నల్లకళ్లద్దాలు పెట్టుకుని నడుం మీద చెయ్యి వేసుకున్న మా బావ. ఏ ఫొటో చూసినా కొండ సగం, బావ సగం. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి నోరు వెళ్లబెట్టేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఎందుకంటే ఆల్బమ్ మూసేటప్పుడు ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు.

“మనూల్లో ఏటుంది? ఇసక, జీడిసెట్లు.”

ఉద్దానంలో పుట్టి, ఉద్దానం కొబ్బరినీళ్లు తాగి పెరిగినవాడు అనాల్సిన మాటేనా అది? పోనీ పరాయివాడా అంటే కాదు. మా అమ్మకు స్వయానా తమ్ముడి కొడుకు. మా అక్కను చేసుకున్నాడు. అల్లుడయ్యాక కూడా అమ్మ అతన్ని “ఒరే” అనే పిలిచేది.

నేను చెప్పబోయేది రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల సంగతి. అప్పుడు నేను టెక్కలిలో డిగ్రీ చదువుతున్నాను. అంతకుముందు వానాకాలంలో అమ్మకు కిడ్నీల జబ్బు మొదలైందని తెలిసింది. మా వైపు ఊరూరా ఉన్న జబ్బే, ఆ మాట చెబితే ఎవరూ ఎందుకని అడగరు, ఎప్పట్నించని మాత్రం అడుగుతారు. డాక్టరు చెప్పిందంతా నేను పక్కనే నిలబడి విన్నాను. ఉప్పు బాగా తగ్గించాలి, నీళ్లు కొలిచి తాగాలి, మాత్రలు మానకూడదు, నొప్పి బిళ్లలు మింగకూడదు, బరువులు మొయ్యకూడదు. నడవొద్దని ఆయన అనలేదు. పైగా రోజూ కాస్త నడవమన్నాడు కూడా. కానీ మా ఇంట్లోవాళ్లు డాక్టరుకు పైడాక్టర్లు. అమ్మ మంచం మీంచి కాలు కింద పెడితే చాలు, నాన్న “కూకో” అనేవాడు. చీపురు పట్టుకుంటే అక్క “కూకోవే అమ్మా” అనేది. గుమ్మందాకా వస్తే పక్కింటావిడ కూడా గోడ మీంచి “కూకోవమ్మా, నీకెందుకు” అనేది. అంతా ప్రేమే. ఆ ప్రేమతో మనిషిని సగం చంపేశారు.

అమ్మ అలా కూర్చునే మనిషి కాదు. మా జీడితోట ఆమెదే. నాన్న పేరున ఉంటే ఉండొచ్చుగాక, చెట్టు చెట్టునూ ఎరిగింది మాత్రం ఆమె. ఒక చెట్టుకు ‘అలిగిన కోడలు’ అని పేరు పెట్టింది, ఒక ఏడు కాస్తే రెండేళ్లు మొహం తిప్పుకుంటుందని. పిక్కలు రాలే కాలంలో పొద్దెక్కక ముందే తోటలో ఉండేది. ఎండుటాకుల్ని కాలి బొటనవేలితో ఇలా కదిపి, అడుగున దాగిన జీడిపిక్కను వంగి తీసి బుట్టలో వేసేది. ఆ ఏడు మార్చిలో పిక్క రాలడం మొదలయ్యేసరికి ఆమెను మంచం మీద ఉంచి, నాన్న కూలీ ఆడవాళ్లను తీసుకుని వెళ్లిపోయాడు. అమ్మ ఆ రోజంతా తోట వైపే తిరిగి పడుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బావ సెలవుకు వచ్చాడు. ఆల్బమ్ తీశాడు. అమ్మ ఒక ఫొటో దగ్గర ఆగి చాలాసేపు చూసింది.

“ఒరే, ఇక్కడికి నన్నొకపాలి తీసుకెల్తావేట్రా?” అంది.

బావ పకపకా నవ్వాడు. “అక్కడ ఊపిరే అందదత్తా. మాలాటోలికే కాల్లొనుకుతాయి. నువ్వు కూకో.”

నాకు తిక్క రేగింది. “లడాఖ్ ఎందుకు బావా? ఉప్పునేల నౌపడలో లేదా? రంగుల కొండ టెక్కలి దగ్గర లేదా? రోజూ కాలేజీ బస్సులోంచి సూత్తన్నాను. ఒక్క రోజులో అమ్మకి రెండూ సూపించి తీసుకొత్తాను. నువ్వూ రా, కల్లకి బాగుంటాది” అన్నాను.

అతను లేచి నిలబడి నాకు సెల్యూట్ కొట్టాడు. “అలగే గైడమ్మా!”

నాన్న ఒప్పుకోలేదు. అమ్మను జీపు దిగనివ్వనని అక్క మాటిచ్చాక మెత్తబడ్డాడు. ఆదివారం పొద్దున్నే జీపు మాట్లాడుకున్నాం. మాకు పులిహోర, అమ్మకు ఉప్పులేని పెసరట్లు, ఆమె రోజంతా తాగాల్సిన నీళ్లు ఒక సీసాలో కట్టుకుని బయలుదేరాం. నేను ముందు సీటులో, డ్రైవరు పక్కన. గైడు కదా మరి.

సముద్రం అంచున భావనపాడు మీదుగా పోనిమ్మన్నాను. ఒడ్డున పడవలు, ఇసక మీద ఆరబోసిన చేపలు, ఆ వాసన. “ఇది బంగాళాఖాతము” అని వెనక్కి తిరిగి ప్రకటించాను. “లోతెంత గైడమ్మా?” అన్నాడు బావ. “నిన్ను దింపి కొలుత్తాను” అన్నాను. డ్రైవరు నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది, చాలా రోజుల తర్వాత. ఆ నవ్వు చూశాక ఇక నాకు దారి పొడుగునా నోరు ఆగలేదు.

నౌపడ ఉప్పుమళ్లు చేరేసరికి ఎండ బాగా ముదిరింది. చూపు ఆనినంత మేర గట్లు కట్టిన మళ్లు. కొన్నిటిలో అప్పుడే పెట్టిన సముద్రపు నీరు, ఆకాశం రంగులో ఉంది. కొన్నిటిలో నీరు చిక్కబడి లేత గులాబీరంగుకు తిరిగింది. కొన్ని పూర్తిగా తెల్లగా పేరుకుని కళ్లు తెరవనివ్వడం లేదు. గట్ల వెంబడి తాటాకులు కప్పిన ఉప్పుకుప్పలు. బావ నల్లకళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. “బాగానే ఉంది” అన్నాడు నసుగుతూ. ఆ ‘బాగానే’కు ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు.

మేం ఇటు తిరిగి చూసేలోగా అమ్మ జీపు దిగేసింది. అక్క “అమ్మా, కూకో” అని కేక వేసినా వినిపించుకోకుండా గట్టు మీద నడుచుకుంటూ పోయింది. మేమంతా వెనకాల పరుగెత్తాం. అక్కడ ఒకావిడ పొడుగాటి కర్రపలకతో ఉప్పు లాగుతోంది. మమ్మల్ని చూసి పని ఆపింది. “సూడ్డానికొచ్చినారా? ఇదిగో, కొత్తుప్పు” అంటూ దోసెడు ఉప్పు తీసి మా ముందుకు చాచింది.

మేం ఐదుగురం, డ్రైవరుతో సహా, ఒక్కసారిగా చేతులు వెనక్కి పెట్టుకున్నాం.

ఉప్పు చేతిలోంచి చేతికి ఇస్తే, ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ తగువు తప్పదని మా నమ్మకం. ఇంట్లో అన్నం తినేటప్పుడు అడిగినా గిన్నె కింద పెట్టి జరుపుతారు తప్ప చేతికివ్వరు. ఆవిడ మా వరస చూసి విరగబడి నవ్వింది. “ఇది సేతికిత్తే తగువులొచ్చేట్టయితే, మా పేటంతా ఈపాటికి తలకాయలు పగలగొట్టుకోవాల గదమ్మా!” అంది.

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. వెనక పెట్టుకున్న చెయ్యి ముందుకు తెచ్చి ఆవిడ దగ్గర గుప్పెడు ఉప్పు పుచ్చుకుంది. తర్వాత బావ వైపు తిరిగింది. “ఒరే, సెయ్యి పట్టు” అంది. మేనత్త పట్టమంటే పట్టకుండా ఎలా ఉంటాడు? పట్టాడు. అమ్మ ఆ ఉప్పంతా అతని అరచేతిలో పోసింది.

“అత్తా, ఇదేటి?” అన్నాడు కంగారుగా.

“తగువొత్తాదన్నారు గదా? నాక్కావాల తగువు. ఇన్ని నెల్లూ మీరందరూ మాటాడినారు, నాను కూకున్నాను. ఇప్పుడు నాను మాటాడతాను.”

ఆ ఎండలో, ఆ తెల్లటి నేల మీద నిలబడి మా అమ్మ తగువాడింది. “నాకు జబ్బొచ్చింది గానీ సావు రానేదు. నా తోటకి నన్నెల్లనివ్వరేటి? మీ మావకి కల్లానవు. ఆ కూలోలు పైన కనపడిందే ఏరతారు. పిక్కంతా ఆకుల కిందే ఉండిపోతంది. నాను మంచమ్మీద కూకుని దేనికి కాపలా కాత్తన్నాను? నన్ను సూసుకోడం అంటే ఇలగేనా?” అంటూ గొంతు పైకి లేచింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ మాట వణకలేదు. అక్క ఏడ్చేసింది. నాకు మాత్రం లోపల ఎక్కడో పండగలా ఉంది. అమ్మ కోపం మళ్లీ విన్నాను కదా.

బావ ఉప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చొక్కా జేబులో పోసుకున్నాడు. అంతలో సిపాయి పౌరుషం వచ్చినట్టుంది. “సరే అత్తా. గైడమ్మ సెప్పిన కొండ ఉంది గదా, అదెక్కు. ఎక్కి నీ కాల్లతో నువ్వు దిగితే, మావతో నానే సెప్తాను, తోటకి పంపమని. మద్దిలో కూలబడితే మాత్రం మరి మంచం దిగకూడదు.”

“ఒప్పుకున్నాను” అంది అమ్మ, అతను మాట ముగించకముందే.

కొండ చూపిస్తానన్నాను గానీ ఎక్కిస్తానని అనలేదు. అక్క నన్ను గిల్లింది. “దీనికంతటికీ నువ్వే” అంది పళ్లు కొరుకుతూ. నిజమే. అమ్మ గనక మధ్యలో ఆగిపోతే, ఆమెను జీవితాంతం మంచానికి కట్టేసింది నేనే అవుతాను.

టెక్కలి దాటి కొండ దగ్గర జీపు ఆగింది. ఆదివారం కావడంతో క్వారీలో రాయి కొట్టే చప్పుడు లేదు. ఒక పక్క కొండను నిలువునా కోశారు. ఆ కోతలో రాయి నీలంగా మెరుస్తోంది. పైనుంచి కారిన నీటి జాడలు తుప్పురంగులో చారలు కట్టాయి. ఇంకొంచెం పైన ఎర్రమట్టి, ఆపైన జీడిచెట్ల రాగిరంగు చిగురు. రెండో పక్క మేకలు కాసేవాళ్లు తొక్కిన కాలిబాట. బావ తల పైకెత్తి చూశాడు. ఈసారి ‘బాగానే’ అనలేదు. “ఇదెప్పుడూ సూడనేదు నాను” అన్నాడు.

ఎక్కడం మొదలుపెట్టాం. బావ నిటారుగా, సైన్యంలో నేర్పినట్టు గబగబా పోయాడు. అమ్మ అలా పోలేదు. తోటలో పిక్క ఏరే నడకే నడిచింది. నాలుగడుగులు ఇటు, నాలుగడుగులు అటు, కొండను అడ్డంగా కోస్తూ, కాలు ఆనే చోటు బొటనవేలితో తడిమి చూసుకుంటూ. ఎక్కడా తొందరపడలేదు. నేను ఆమె వెనకే ఉన్నాను. చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది. “పందెం నాది, నీది కాదు” అంది.

సగం దాటాక ఒక రాతిని పట్టుకుని ఆగిపోయింది. ఛాతీ ఎగసెగసి పడుతోంది. ముఖం చెమటతో తడిసి ఎర్రబడింది. పైనుంచి బావ పరుగున దిగి వచ్చాడు. ఎక్కడ అమ్మను బలవంతంగా కూర్చోబెడతాడోనని నేను భయపడ్డాను. అతని నోటిదాకా ఆ మాట వచ్చిందని నాకు కనిపించింది. మింగేశాడు.

“ఒరే, ఊపిరి తీసుకోడం కూలబడ్డం కాదు గదా?” అంది అమ్మ.

“కాదత్తా.”

“అయితే నిలబడే తీసుకుంటాను.”

నిలబడే తీసుకుంది. కొలిచి తెచ్చిన నీళ్లలోంచి రెండు గుక్కలు తాగింది. మళ్లీ నాలుగడుగులు ఇటు, నాలుగడుగులు అటు. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను, తెలియని వాళ్లకు కూడా.

కొండ మీదికి చేరాక గాలి కొట్టింది. దూరంగా ఉప్పుమళ్లు తెల్లటి పంచె ఆరేసినట్టు కనిపించాయి. వాటి వెనక సముద్రం సన్నటి గీత. ఉత్తరాన ఉద్దానం కొబ్బరితోటలు నల్లగా, ఒత్తుగా. అమ్మ అటూ ఇటూ తిరిగి అంతా చూసి, “ఇంతుందేట్రా మనూరు!” అంది. బావ తన నల్లకళ్లద్దాలు తీసి అత్త ముఖానికి పెట్టాడు. కెమెరా తీశాడు. అమ్మ ఎవరూ చెప్పకుండానే నడుం మీద చెయ్యి వేసుకుంది. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో కొండ పావు, అమ్మ ముప్పావు.

దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. మోకాళ్లు నొప్పి పెట్టాయని ఆమె నడకలోనే తెలుస్తోంది. బావ ఒక్కో అడుగూ ఆమెకు ముందు దిగుతూ, చెయ్యి అందివ్వకుండా, పడితే పట్టుకోవడానికి మాత్రం సిద్ధంగా, వెనక్కి నడిచాడు. ఆ రోజు నుంచి నాకతని మీద ఉన్న కోపం పోయింది. కింద జీపు దగ్గర అమ్మ ఎక్కకుండా నిలబడింది. “మరి?” అంది. బావ మడమలు కలిపి ఆమెకు సెల్యూట్ కొట్టాడు. ఈసారి ఎగతాళి లేదు. అప్పుడు ఎక్కి కూర్చుంది.

హైవే మీదుగా పలాస, కాశీబుగ్గ దాటి ఊరి దారి పట్టేసరికి పొద్దు వాలుతోంది. ఇంటికి పోవాల్సిన జీపును అమ్మ తోట దగ్గర ఆపించింది. లోపల నాన్న, కూలీ ఆడవాళ్లు రోజు పని ముగించి బుట్టలు సర్దుతున్నారు. అమ్మ దిగి రావడం చూసి నాన్న కంగారుగా ఎదురొచ్చాడు.

“మావా,” అన్నాడు బావ, “అత్త కొండెక్కి దిగింది, తన కాల్లతోనే. తోటకి పంపీయి. నేకపోతే నా మాట పోతాది.”

నాన్నకు ఏమీ అర్థం కాలేదు. మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఈలోగా అమ్మ ఒక చెట్టు కిందికి పోయి ఎండుటాకుల్ని కాలితో కదిపింది. వంగి ఒక పిక్క తీసింది. ఇంకోటి తీసింది. పక్కకు జరిగి మళ్లీ కదిపింది. కొంగు నిండుతుంటే ఆమె గొంతు పెరిగింది. “ఇదేనా మీరేరింది? ఇదేనా? సగం పంట ఆకుల్లోనే పారీసినారు!”

నాన్న కూలీల వైపు తిరిగాడు. గొంతు తగ్గించి, “రేపు బేగి రండర్రా” అన్నాడు. “మీ వదినొత్తాది.”