అప్‌డేట్ మీదికి నెట్టిన తప్పు

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చప్పుడు విని లిఫ్టు రోగం చెప్పేస్తాడని పేరుంది. ఆ పేరే నెత్తికెక్కింది. 'పొరపాటు చేశాను' అన్న మాట ఆయన నోట్లోంచి రావాలంటే గునపం పెట్టి పెకలించాలి.

వదిన, అంటే ఆయన అక్క, మా ఇంట్లోనే ఉంటుంది. పక్షవాతంతో ఎడంచెయ్యి పడిపోయాక కుట్టుపని మానేసింది. కుడిచేత్తో మౌసు పట్టుకుని కంప్యూటర్లో ఊరు కట్టే ఆట ఆడుతుంది. ఏడాదిగా కట్టుకున్న ఊరది. వంకర సందులు, మేడలు, మూల మీద ఒక టైలరింగు కొట్టు. ఆ కట్టడాలు ఆటతో వచ్చినవి కావు. ఎవరో అభిమాని తయారుచేసి ఊరికే పంచిన మోడ్‌లోవి. మోడ్ అంటే ఆటకు బయటివాళ్ళు అతికించే అదనపు హంగు. అలాంటివి వదిన ఇంకా చాలా పెట్టుకుంది.

ఈమధ్య ఆటకు అప్‌డేట్ వచ్చింది. దాంతో ఊరు తెరుచుకోవడం మానేసింది. వదిన ముఖం వాడిపోయింది.

"నేను చూస్తాగా, నువ్వు కాసేపు పడుకో అక్కా," అన్నాడు ఈయన.

పద్ధతి తెలియక కాదు. సగం మోడ్లు ఆపి, ఆట తెరిచి, అప్‌డేట్‌తో ఏది పడటంలేదో వెతకాలి. అంతకంటే ముందు ఊరికి నకలు తీసి పక్కన పెట్టుకోవాలి. మా మహానుభావుడు చిటికెలో పని అనుకుని నకలు తీయలేదు. ఆ మేడలూ కొట్టూ ఉన్న మోడ్ ఆయన ఆపేసిన సగంలో ఉంది. 'లేని మోడ్ తాలూకు వస్తువులు తొలగిపోతాయి, సరేనా' అని ఆట అడిగింది. సరే అని నొక్కాడు. ఆట ఆ బోడి ఊరినే సేవ్ చేసేసుకుంది. తర్వాత మోడ్ మళ్ళీ కలిపినా రోడ్లూ వీధిదీపాలే మిగిలాయి.

వంటగదిలోకి వచ్చి నాకు చెప్పాడు.

"ఆ మాటేదో వెళ్ళి ఆవిడకి చెప్పండి," అన్నాను.

వెళ్ళి ఏమన్నాడనుకున్నారు?

"ఆ మోడ్ చేసినవాడు సరిగ్గా చెయ్యలేదక్కా. అప్‌డేట్ దెబ్బకి మొత్తం ఊడ్చుకుపోయింది."

నాకు ఒళ్ళు మండింది. అయినా వదిన ముందు ఆయన్ని నిలబెట్టి కడగలేక నోరు మూసుకున్నాను. వదిన ఒంటిచేత్తో ఒక్కో అక్షరం నొక్కుతూ, మోడ్ పేజీలో ఆ మనిషిని ఉతికి ఆరేసింది. బాధ్యత లేనివాళ్ళు ఇలాంటి పనులు పెట్టుకోకూడదని రాసింది.

మర్నాడే జవాబొచ్చింది. వదినే పైకి చదివింది.

"అమ్మా, క్షమించండి. తప్పెక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. పనికి సెలవు పెట్టి చూస్తున్నాను. మీ ఊరి బొమ్మలేమైనా ఉంటే పంపండి, అచ్చం అలాగే మళ్ళీ కట్టి ఇస్తాను."

చదవడం ఆపి, "పాపం, ఎంత మంచివాడో. అనవసరంగా నోరు పారేసుకున్నాను," అంది.

ఈయనకు తల కొట్టేసినట్టయింది. నాకేసి చూశాడు, గట్టెక్కిస్తాననుకున్నాడేమో. తెలిసీ ఊరుకున్నదాన్ని, నాకూ సిగ్గుగానే ఉంది. తల దించుకున్నాను.

"అక్కా, అతని తప్పేం లేదు. నకలు తియ్యకుండా నేనే సరే నొక్కాను. నీకు చెప్పడానికి మొహం చెల్లక అలా అన్నాను."

నాలుగు తిట్టి ఉంటే బతికిపోయేవాడు. వదిన కీబోర్డు ఆయన వైపు జరిపింది.

"రాయి, నేను చెప్తాను. క్షమించు బాబూ, తప్పు మా ఇంట్లోనే జరిగింది."

"కింద నా పేరు పెడతానక్కా."

"తిట్టింది నేను కదరా. నా పేరే పెట్టు."

అక్క పేరు టైపు చేయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.