గులాబి రంగు చుక్క

మొన్న ఆదివారం పొద్దున మా మామగారి అంబాసిడర్ బానెట్ ఎత్తాను. మామగారు పోయాక ఆ కారు మా షెడ్డులోకి వచ్చి ఏడాదవుతోంది. అమ్మేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోదు, నడుపుదామంటే కారు ఒప్పుకోదు. స్టార్టవుతుంది, కాసేపు బుద్ధిగానే ఉంటుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీశామా, దగ్గి దగ్గి ఆగిపోతుంది. నందిగామలో ఇప్పటి మెకానిక్కులు దాన్ని చూసి, "దీనికి కంప్యూటర్ ఎక్కడ తగిలించాలి సార్?" అని నవ్వి వెళ్లిపోయారు. సరే, నేనే చూద్దామని కిరసనాయిలు గుడ్డతో కార్బురేటర్ మీది మసి తుడుస్తుంటే ఒక చిన్న స్క్రూ దగ్గర గులాబి రంగు బయటపడింది. స్క్రూ తల మీద సగం చుక్క, పక్కన లోహం మీద మిగతా సగం, రెండూ ఒకదానికొకటి ఎడంగా. చుట్టూ ఎవరూ లేరు. అయినా అరవయ్యేళ్ల మనిషిని, సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి.

ఆ చుక్క సంగతి చెప్పాలంటే కార్లు బాగుచేసే జగ్గయ్యపేట మేస్త్రిగారి సంగతి చెప్పాలి. సిమెంటు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. అందులో ఉన్న ప్రతిదాని మీదా, ఆయన కనుబొమల మీద కూడా, తెల్లటి దుమ్ము. మామగారు కారు కొన్న నాటి నుంచీ దాని మీద ఇంకో చెయ్యి పడనివ్వలేదు. కార్బురేటర్ అంటే గాలినీ పెట్రోలునీ పాళ్లు చూసి కలిపి ఇంజనుకు వడ్డించే వంటమనిషి అని మామగారు నాకు చెప్పేవారు. నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి, అయినా నాకు చెప్పేవారు! ఆ చిన్న స్క్రూ ఆ వంటలో ఉప్పులాంటిది. మేస్త్రిగారు మూరెడు రబ్బరు గొట్టం తీసుకుని, ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస కార్బురేటర్ నోటి దగ్గర ఆనించి, కళ్లు మూసుకుని స్క్రూని గోరంత అటూ గోరంత ఇటూ తిప్పేవారు. ఆ కాసేపూ ఎవరూ మాట్లాడకూడదు. మా మామగారంతటి మనిషి కూడా నోరు మూసుకుని నిలబడేవారు, అది చూడ్డానికే నేను వెంట వెళ్లేవాణ్ణి. ఇంజను చప్పుడు కుదురుకున్నాక మేస్త్రిగారు అగ్గిపుల్ల కొసతో ఎర్ర పెయింటు తీసి, సగం స్క్రూ మీద, సగం పక్కన పడేలా ఒక చుక్క పెట్టేవారు. "చుక్క విడిపోతే ఎవరో చెయ్యి పెట్టినట్టండి. చుక్క చెదరకుండా బండి ఆగిందా, ఆ తప్పు నాది" అనేవారు. మామగారికి ఆ చుక్క చాలు, ఇంకే మాటా అక్కర్లేదు.

నాకు మాత్రం ఆ చుక్కను చూస్తే ఒళ్లు మండేది. చదువుకున్నవాణ్ణి నేనుండగా గొట్టం పెట్టుకుని వినే మనిషికి అంత మర్యాదా అని. పదేళ్ల కిందట మేం మామగారింట్లో ఉండగా ఒకరోజు ఫోన్లో ఏదో వీడియో చూశాను. స్క్రూ కాస్త బిగిస్తే పెట్రోలు కలిసొస్తుందని అందులో ఒకాయన చెప్పాడు. ఇంకేముంది, చేతికి దురద పుట్టింది. మామగారు భోజనం చేసి నడుం వాల్చినప్పుడు వెళ్లి అర చుట్టు బిగించాను. ఎర్ర చుక్క రెండు ముక్కలైంది. స్క్రూని మళ్లీ మొదటి చోటుకి తిప్పేస్తే సరిపోయేది, కానీ నా ఫిజిక్సు నన్ను తిప్పనివ్వలేదు. పాత రంగు గోకేసి, మా ఆవిడ నెయిల్ పాలిష్ సీసా తెచ్చి, కొత్త చుక్క పెట్టాను. కారు షెడ్డు నీడలో ఎర్రగానే కనిపించింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంకొకరి సంతకం పెట్టానన్న ఆలోచనే రాలేదు.

మర్నాడు మామగారు కంటి పరీక్షకని విజయవాడ బయల్దేరారు. కీసర టోల్ గేటు దాకా కారు బాగానే వెళ్లిందట. అక్కడ వరసలో ఆగగానే ఇంజనూ ఆగింది. స్టార్ట్ చేస్తే నడుస్తుంది, కారు ఆపితే ఇంజనూ ఆగుతుంది, చివరికి బ్యాటరీ కూడా అయిపోయింది. వెనక లారీలవాళ్లు హారన్లు మోగిస్తుంటే, ఇస్త్రీ బట్టల్లో ఉన్న పెద్దమనిషి ఎండలో కారు తోయించుకోవాల్సి వచ్చింది. ఇంటికొచ్చేసరికి ఆయన ముఖం కందిపోయి ఉంది. బానెట్ ఎత్తి చూశారు, చుక్క చెదరలేదు. మేస్త్రిగారికి ఫోన్ చేశారు. మరుసటి రోజు సంచీ భుజాన వేసుకుని ఆయన జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చారు.

వాకిట్లో మా తోడల్లుడూ, ఇద్దరు చుట్టాలూ కూర్చుని ఉన్నారు. మా ఆవిడ మేస్త్రిగారికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు పక్కన పెట్టి, బానెట్ కిందకి వంగారు. అలా చాలాసేపు వంగే ఉన్నారు. మామగారు ఆగలేకపోయారు. "చుక్క నీదేనా కాదా? నీ చెవి పోయింది మేస్త్రీ! ఇంక ఈ పని నీవల్ల కాదు" అన్నారు, అందరూ వినేట్టు. నేను ఐదడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. నేను ముందు టైరు కేసి చూస్తూ నిలబడ్డాను. మేస్త్రిగారు నిటారుగా లేచి, నా వైపు ఒకసారి చూసి, మామగారితో "వయసైపోతోంది కదండీ, పొరపాటైంది" అన్నారు. స్క్రూ సరిచేశారు. ఇంజను కుదురుగా పాడింది. కానీ చుక్క మాత్రం పెట్టలేదు. ఇచ్చిన కాఫీ కూడా తాగకుండా బస్టాండుకి నడిచి వెళ్లిపోయారు.

తర్వాత మామగారు కారును ఆ వైపు పంపలేదు. ఊరికే కూడా ఉండలేదు, కనపడ్డ ప్రతి పాత కారు ఆసామికీ "ఆయన చెవి పోయిందండీ" అని చెప్పారు. ఒక్కొక్కరే మానేశారు. షెడ్డు పంక్చర్ల షాపయిందని విన్నాను, తర్వాత అదీ మూసేశారని విన్నాను. విన్న ప్రతిసారీ వెళ్లి చెప్పేద్దామనుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను? మామగారు బతికుండగా ఆయనంటే భయం అని చెప్పుకున్నాను, పోయాక ఇప్పుడెందుకులే అనుకున్నాను. పిరికివాడికి కారణాలు కరువా!

ఆ గులాబి ముక్కలు చూశాక ఇంక ఇంట్లో కూర్చోలేకపోయాను. కాలు తియ్యకుండా కారు తోలుకుంటూ జగ్గయ్యపేట వెళ్లాను. చిల్లకల్లు టోల్ గేటు దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. వెనకవాళ్ల చేత తిట్లు తిన్నాను, న్యాయమే అనిపించింది. మేస్త్రిగారు ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టి "రండి అల్లుడుగారూ" అన్నారు. దగ్గరికి వెళ్లి, దారంతా కూడబలుక్కున్న మాట మెల్లగా చెప్పాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "గట్టిగా చెప్పండి, వినపడట్లేదు" అన్నారు. మళ్లీ చెప్పాను. "ఇంకాస్త గట్టిగా" అన్నారు. చివరికి వీధిలో నిలబడి, "ఆ స్క్రూ తిప్పింది నేనండీ! దొంగ చుక్క పెట్టిందీ నేనే!" అని అరిచాను. ఎదురింటి అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఆడవాళ్లు తలెత్తి చూశారు. తల కొట్టేసినట్టయింది.

"అదా? నాకు ఆ రోజే తెలుసండి. అమ్మాయిగారు మంచినీళ్లిచ్చినప్పుడు గోళ్లు చూశా" అన్నారు ఆయన.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?" అని మళ్లీ అరిచాను.

"ఇంటల్లుడి పరువు పదిమందిలో నేను తీస్తానా? మీరే వచ్చి చెబుతారని చూశా. చానాళ్లు చూశా" అని లేచి, లోపలి నుంచి ఆ పాత రబ్బరు గొట్టం, స్క్రూడ్రైవరు తెచ్చారు. గొట్టం కొస నా చెవికి ఆనించారు. "నాకింక పనికిరాదు. మీరు వినండి, నేను తిప్పుతా. చప్పుడు సాఫీ అయిందనగానే చెయ్యెత్తండి" అన్నారు. ఇంజను మీద ఒక అరచెయ్యి ఆనించి స్క్రూ తిప్పారు. గొట్టంలో బుసబుసమన్న చప్పుడు మెల్లగా సన్నబడి, సర్దుకుని, ఒకే తీరున నిలిచింది. చెయ్యెత్తాను. చిక్కబడిపోయిన పెయింటు డబ్బాలో రెండు చుక్కలు కిరసనాయిలు పోసి, అగ్గిపుల్లతో కలిపి, ఆ పుల్ల నా చేతిలో పెట్టారు. "చుక్క మీరే పెట్టండి. ఈసారి అమ్మాయిగారి సీసా వద్దులెండి" అని నవ్వారు. నేను పెట్టిన చుక్క వంకరగా పడింది.

తిరుగు దారిలో కారు ఎక్కడా ఆగలేదు. నందిగామ నుంచి ఆయన ఇల్లు గంట కూడా పట్టని దూరం. ఆ పదేళ్లలో మొదట్లోనే ఏ ఆదివారమో వెళ్లి ఉంటే, మెల్లగా చెప్పినా ఆయనకు వినిపించేది.