షియోగాన్ లోపలాయన

స్టూడియోలో హోసోయా ఎయికిచిని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆయన ‘లోపలాయన’. లోపలాయన అన్నం తిన్నాడా, లోపలాయనకి కాస్త గాలి తగలనివ్వండి, అంటూ ఉండేవారు. సముద్రంలోంచి లేచొచ్చి టోక్యోని తొక్కి పారేసే షియోగాన్ అనే రాకాసే ఆ రోజుల్లో మా కంపెనీకి అన్నం పెట్టేది. ఆ రాకాసి తొడుగులో ఉండేది ఆయన. ఆయన లోపలికి దిగాక వీపు జిప్పు లాగి, అది కనబడకుండా పైన రబ్బరు పొలుసులు అతికించేదాన్ని నేను. నా పేరు షిమనో. తొడుగుల షెడ్డులో చేరేటప్పటికి నాకింకా పెళ్లి కాలేదు. తర్వాతా కాలేదు.

ఎయికిచి గారిది సాదో దీవి. వాళ్లింట్లో అందరూ చేపల పడవల మీద బతికినవాళ్లే. యుద్ధం అయిపోయాక టోక్యో వచ్చి, కత్తియుద్ధాల సినిమాల్లో హీరో వేటుకి పడిపోయే గుంపులో చేరాడు. ఆయనంత బాగా పడేవాడు ఇంకొకడు లేడని పాతవాళ్లు చెప్పేవారు. వెడల్పాటి భుజాలు, ఊపిరి బిగబట్టగల ఛాతీ, ఎంత కష్టమైనా నోరెత్తని స్వభావం. రాకాసికి మనిషి కావలసి వచ్చినప్పుడు డైరెక్టరు చూపు నేరుగా ఆయన మీదే ఆగింది.

తొడుగు బరువు ఇంకో మనిషిని మోసినంత ఉండేది. పెద్ద లైట్ల కింద లోపలంతా ఉడుకు. మెడ దగ్గర పొలుసుల మధ్య మేము పొడిచిన సన్నని చిల్లుల్లోంచే ఆయనకి లోకం కనిపించాలి. షాట్ అయ్యాక కాళ్ల తొడుగులు వంచితే చెమట ధారగా కారేది. అయినా ఆయన్ని బాధపెట్టింది ఆ వేడి కాదు. ఒకరోజు నేనిచ్చిన బార్లీ టీ తాగుతూ తనే చెప్పాడు.

“జిప్పు పడగానే నేను లేననుకుంటారమ్మాయ్. నా ముందే నా గురించి మాట్లాడుకుంటారు. ఇందాక ఆ కెమెరా ఆయన, ‘వీడికి మొహం కనబడని వేషం దొరకడమే అదృష్టం, కనబడితే మాత్రం ఎవడు చూస్తాడు’ అన్నాడు. పక్కనే తోక ఊపుతూ నిలబడ్డాను.”

“మరి మీరేమీ అనలేదా?”

“అన్నాను. అదంతా లోపల్లోపలే తిరిగింది. బయటికొచ్చింది గొరగొరే. ‘ఇవాళ షియోగాన్ హుషారుగా ఉందిరోయ్’ అన్నారు.”

నేను నవ్వాను. ఆయనా నవ్వాడు.

పోస్టర్ల మీద ఆయన పేరుండేది కాదు. కొమాయెలో ఆయన అద్దెకున్న సందులో అందరూ ఆయన ఏదో గిడ్డంగిలో మూటలు మోస్తాడనే అనుకునేవారు. ఒకసారి టోఫు కొనుక్కుని వస్తుంటే, సందులో పిల్లలు షియోగాన్ ఆట ఆడుతున్నారట. వాళ్లు ఆయన దారికి అడ్డం పడ్డారు.

“బాబాయ్, నువ్వు సైనికుడివి. చచ్చిపో!”

“ఒక్కసారి నన్ను షియోగాన్ అవనివ్వండర్రా.”

టోఫు గిన్నె గోడ మీద పెట్టి, మోకాళ్లు వంచి, రోజూ నడిచే నడకే నడిచి చూపించాడు. పిల్లలు విరగబడి నవ్వారు.

“ఛీ, షియోగాన్ అలా నడవదు!”

“మరెలా నడుస్తుందిరా?”

“నడుం ఇలా పెట్టాలి. నువ్వసలు సినిమా చూశావా?”

“లేదర్రా, చూళ్లేదు” అన్నాడట ఆయన. అది నిజమే. తను చేసినవేవీ ఆయన చూడలేదు.

ఈ సంగతి నాకు చెప్పింది ఆయన భార్య మిత్సుయే. నవ్వుతూనే మొదలుపెట్టింది. “ఆ షియోగాన్ నేనేనని ఎందుకు చెప్పలేదండీ అంటే, ‘చెబితే వాళ్లకి షియోగాన్ ఉండదు కదే’ అన్నారు” అంటూ ఉండగానే ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది.

ఆ ఏడాది వేసవిలోనే ప్రమాదం జరిగింది. స్టూడియో వెనక సముద్రంలా చూపించడానికి కట్టిన పెద్ద నీటితొట్టి ఉండేది. షియోగాన్ దెబ్బలు తిని, వెల్లకిలా నీళ్లలో పడి చచ్చిపోవాలి. అది కథ. ఎయికిచి గారు ఎప్పటిలాగే చక్కగా పడ్డాడు. తొడుగు లోపలి స్పాంజి అంతా నీళ్లు పీల్చుకుంది. తోక అడుక్కి లాగింది. తల మునిగి పైకి తేలింది, మళ్లీ మునిగింది. ఒక చెయ్యి నీళ్ల మీదికి లేచి, గాలిలో దేన్నో తడుముతున్నట్టు కదిలింది.

“అబ్బ! అదీ చావంటే!” అన్నాడు డైరెక్టరు. “ఎవరూ కదలకండి, కెమెరా తిప్పుతూనే ఉండండి!”

ఆ చెయ్యి మళ్లీ లేచింది. ఈసారి నీళ్లని కొట్టింది. నడవడంలో, పడటంలో ఆయన శరీరం ఎలా కదులుతుందో రోజూ చూసేదాన్ని నేను. అది ఆయన చేసే కదలిక కాదు.

“అది నటన కాదు! మునిగిపోతున్నాడు!” అని అరుస్తూ చెప్పులతోనే తొట్టిలోకి దూకాను. రాకాసి తోకకి కట్టిన తీగలు లాగేవాళ్లు నా వెనకే దిగారు. గట్టు మీదికి ఈడ్చి, జిప్పు బిగుసుకుపోతే కత్తితో తొడుగు వీపు చీల్చాం. నీళ్లు కక్కుకుని, చాలాసేపటికి కళ్లు తెరిచాడు.

“పిలిచాను” అన్నాడు. “అందర్నీ పేరు పేరునా పిలిచాను. ఎవరికీ వినపడలేదా?”

డైరెక్టరు మోకాళ్ల మీద కూర్చుని నేలకి తల ఆనించి క్షమాపణ అడిగాడు. చెడ్డవాడేం కాదు. కానీ ఆ షాట్ తీసెయ్యలేదు.

కొత్త సంవత్సరం సెలవులకి సినిమా విడుదలైంది. మిత్సుయే నన్ను తోడు రమ్మంటే షింజుకులో ఆటకి వెళ్లాం. తొట్టి సంగతి ఇంట్లో చెప్పొద్దని ఎయికిచి గారు మా అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. హాలంతా పిల్లలు. షియోగాన్ నీళ్లలో పడగానే చప్పట్లు, ఈలలు. చెయ్యి పైకి లేచింది. మిత్సుయే నా మణికట్టు పట్టుకుంది.

“పీడకల వచ్చినప్పుడు ఆయన చెయ్యి అచ్చం ఇలాగే కొట్టుకుంటుంది” అంది. “ఇది వేషం కాదు కదూ? నిజం చెప్పమ్మాయ్.”

నేను తల దించుకున్నాను. ఆమెకి అది చాలింది.

ఇంటికి నన్నూ తీసుకెళ్లింది. ఆయన ఉప్పులో ఊరేసిన ఉమె పండు నంజుకుంటూ అన్నం తింటున్నాడు.

“నాకెందుకు చెప్పలేదు?”

ఆయన నా వైపు చూశాడు, తర్వాత గిన్నె వైపు.

“చెబితే మానెయ్యమంటావు.”

“అవును. మానెయ్యండి.”

“నాకింకేం పని వచ్చు?”

“మూటలు మొయ్యండి. ఎలాగూ అందరూ అదే అనుకుంటున్నారుగా. ఏదైనా ఫర్వాలేదు, నాతో మాట్లాడే మనిషిగా ఇంటికి రండి. మీరు ఇంటికొచ్చినా లోపలే ఉంటున్నారు. నేను బయట నిలబడి పిలుస్తున్నాను. మీకు వినపడదు.”

ఆయన ఏదైనా అంటాడేమోనని నేను కూడా ఎదురుచూశాను. అన్నం పూర్తి చేసి, గిన్నె కడిగి బోర్లించాడు. చెర్రీలు పూసే వేళకి మిత్సుయే సెందాయ్‌లో అద్దకం కొట్టు నడిపే అక్క దగ్గరికి వెళ్లిపోయింది. తిరిగి రాలేదు.

తర్వాత జనానికి రాకాసులంటే మోజు తగ్గింది. ఇళ్లలోకి టీవీలొచ్చాయి. కంపెనీ సినిమాలు మానేసి స్టూడియో స్థలంలో, బంతి దొర్లించి చెక్క పిన్నుల్ని పడగొట్టే బౌలింగ్ హాలు కట్టింది. మిగిలిన మమ్మల్ని అందులోనే సర్దింది. ఎయికిచి గారికి పిన్నుల వెనక, యంత్రాల దగ్గర పని. అక్కడా ఆయన ఎవరికీ కనిపించేవాడు కాదు. బంతుల మోత మధ్య ఆయన ఒక్కడే నూనె డబ్బా పట్టుకుని తిరుగుతుండేవాడు. భోజనాల వేళ నేను వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. ఇద్దరం పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఆ కూర్చోవడంలో నేనేం ఆశించానో ఆయనకి తెలిసే ఉంటుంది. తెలిసినా తెలియనట్టే ఉన్నాడు. నేనూ అడగలేదు.

చాలా ఏళ్లకి, మేమిద్దరం పని మానేశాక, కవాసాకి నుంచి కొందరు మనుషులు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. చిన్నప్పుడు షియోగాన్ చూసి పెరిగినవాళ్లు. ఇప్పుడు ఉద్యోగస్తులు, పిల్లల తండ్రులు. పాత సినిమా వేస్తాం, మీరు రావాలి అన్నారు. ఆయన నన్ను తోడు రమ్మన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. ఎయికిచి గారు తన చావుని మొదటిసారి తెర మీద చూశాడు. చెయ్యి పైకి లేచినప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టింది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఆయన మాత్రం ఎవరో తెలియనివాడిని చూస్తున్నట్టు చూశాడు.

తర్వాత ఆయన్ని వేదిక ఎక్కించి మైకు ఇచ్చారు. ముందు వరుసలో ఒక కళ్లద్దాలాయన లేచి వంగి నమస్కరించాడు.

“హోసోయా గారూ, జపాన్ సినిమాలో అంతటి నటన నేను చూడలేదండీ. ఆ క్షణంలో మీ మనసులో ఏముంది?”

ఆయన మైకుని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

“మునిగిపోతున్నాను” అన్నాడు.

హాలంతా ఘొల్లుమంది. ఎంత సరదా మనిషో అంటూ చప్పట్లు కొట్టారు. ఆయన నిలబడి చూశాడు. ఇంకేదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. తర్వాత ఆయన కూడా నవ్వి, అందరికీ వంగి దండం పెట్టాడు.

స్టేషన్ దాకా నడిచాం. టెలిఫోన్ బూత్ దగ్గర ఆగి, “కాస్త ఉండమ్మాయ్” అని లోపలికి వెళ్లాడు. అద్దంలోంచి ఆయన నోరు కదలడం కనిపించింది. కాసేపు మాట్లాడాడు, ఎక్కువసేపు విన్నాడు.

“సెందాయ్‌కా?” అన్నాను బయటికొచ్చాక.

“ఊఁ. బాగానే ఉందట. మోకాళ్ల నొప్పులట.”

“ఇవాళ జరిగింది చెప్పారా?”

“చెప్పాను. తొట్టిలో పిలిచిన పేర్లలో తనదే మొదటిదని కూడా చెప్పాను. అది మాత్రం ఇన్నాళ్లూ తనకి తెలియదంది.”

“రమ్మన్నారా?”

“ఇప్పుడా?” అన్నాడు. “ఆవిడకి అక్కడ కొట్టుంది, మనుషులున్నారు.”

ఆయన రైలు అటు, నాది ఇటు. మెట్ల దగ్గర ఆయన నాకు తల వంచి, జనంలో కలిసిపోయాడు. ఆ వెడల్పాటి భుజాలు మలుపు తిరిగేదాకా చూసి, నేను నా ప్లాట్‌ఫారం ఎక్కాను.