గవాచి మీది బండ

కోసిగి పక్కన మా ఊర్లో ఉల్లిగడ్డ దాచేది ఉరుకుందమ్మకు తెలిసినట్ల ఇంకెవరికీ తెలీదు. పీకిన గడ్డను నీడలో ఆరబెట్టి, మెత్తబడినవి ఏరేసి, ఇంట్లో కందికట్టె పరిచి దాని మీద పోసేది. మిద్దె పైకప్పులో గాలీ వెలుతురూ వచ్చే కంత ఉంటాదే, గవాచి, దాన్ని మాత్రం మూయనిచ్చేది కాదు.

ఎనభై మూడో, నాలుగో. వాన పడకపోతుందా అని పొడినేలలోనే జొన్న విత్తి, మొగుడూ పెండ్లామూ సుగ్గికి బయలుదేరినారు. సుగ్గి అంటే కాలువల కింద కూలికి వరి కోయను పోయేది. ఇంటికి బీగం వేసే ముందు ఆమె మొగుడు, పేరు బజారి, మిద్దెక్కి గవాచి మీద బండ పెట్టినాడు.

"గాలాడకుంటే గడ్డ కుళ్లిపోతాదప్పా," అనింది ఆమె.

"వానొస్తే మూసేదానికి ఈడ ఎవరుండారు? వాన చేన్లో పడాల గానీ ఇంట్లో పడితే ఎట్ల?"

అన్నీ తెలిసిన మనిషి ఆ పొద్దు ఎందుకు ఊరకుండిందో అని నాకు ఇప్పటికీ కోపమే.

ఉగాదికి తిరిగొచ్చినారు. ఒక్క చినుకు పడలేదు. విత్తిన జొన్న విత్తినట్లే మట్టిలో ఉండాది. తలుపు తీస్తానే కుళ్లు వాసన గుప్పుమనింది. బజారి మిద్దెక్కి బండ పక్కకు జరిపినాడు. ఆ వెలుతురులో చూస్తే సగం గడ్డ నీరుగారిపోయింది. మిగిలిన సగంలోంచి పాలిపోయిన మొలకలు జానెడు లేచి గవాచి దిక్కు చూస్తాండాయి.

ఆ యేడు మా ఊర్లో మొలిచింది అదొక్కటే.